ఏటేటా పోయే ఎరుపు

కనకయ్య తాతకు వచ్చినన్ని కంప్యూటర్ భాషలు అమీర్‌పేటలో ఇంకెవరికీ రావు. కోబాల్‌తో మొదలుపెట్టి సీ, సీ ప్లస్ ప్లస్, జావా, ఒరాకిల్, డాట్‌నెట్ దాకా అన్నీ ఆయన చేతి మీదుగానే ఈ వీధుల్లోకి దిగాయి. ఎవరికి ఏ రంగులో కావాలంటే ఆ రంగులో, ఒక్క అక్షరం వంకర పోకుండా రాసిచ్చాడు. వాటిలో ఒక్కదాని అర్థమూ ఆయనకు తెలియదు. ఆ మాటకొస్తే, ఆ బోర్డుల కింద నుంచి లోపలికి పోయి నేర్చుకుని బయటికొచ్చిన పిల్లల్లో ఎంతమందికి తెలుసో అదీ అనుమానమే.

తాత బోర్డులు రాసే మనిషి. కొత్త భాష వచ్చిన ప్రతిసారీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆయనకు కబురు పెట్టేవారు. పాత పేరు మీద తెల్లరంగు కొట్టి కొత్త పేరు రాయాలి. "గివేం చదువులు! రంగు ఆరకముందే పాతబడ్తయ్" అని నిచ్చెన మీదే నవ్వుకునేవాడు. కానీ ఆ పాతబడటం వల్లే ఇంట్లో పొయ్యి వెలిగేది కాబట్టి మరీ గట్టిగా నవ్వేవాడు కాదు.

ఆ బతుకంతా ఎండలోనే గడిచింది. గోడ వైపు తిరిగి నిలబడేవాడు కాబట్టి మెడ వెనక చర్మం మాడిన రొట్టెలా గళ్లు గళ్లుగా పగిలింది. కొత్తగా తెలుపు కొట్టిన గోడ మీంచి వెలుగు తిరిగొచ్చి కళ్లలో కొట్టేది, అందుకని కళ్ల చుట్టూ ముడతలు బిగుసుకుపోయాయి. చొక్కా విప్పితే మాత్రం వేరే మనిషి. కాలరు పైన పంజాగుట్ట చౌరస్తా, కాలరు కింద ఊటీ.

"తాతా, ఎవరి తలకాయనో తెచ్చి పెట్టుకున్నవ్. అసలుదేమైంది?" అనేది మనవరాలు సుష్మిత.

సుష్మిత డిగ్రీ మధ్యలో పుస్తకాలు అటకెక్కించి, అమీర్‌పేటలో ఒక మందుల దుకాణంలో క్రీములూ షాంపూలూ అమ్మే కౌంటరు దగ్గర చేరింది. చదువు సగంలో ఆగింది గాని నోరు ఆగలేదు. యూసుఫ్‌గూడలోని ఆ రెండు గదుల ఇంట్లో తాతను ఏడిపించే హక్కు తనదేనని ఆ పిల్ల నమ్మకం. తాతకూ ఆ విషయంలో పెద్దగా అభ్యంతరం ఉండేది కాదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రాత్రి చెబితే పొద్దున్నకు అచ్చయి, మేకులు కొట్టుకుని వేలాడే బోర్డులు. తాతతో కుంచె పట్టిన వాళ్లలో కొందరు ఆటోలు నడిపారు, కొందరు ఇళ్ల గోడలకు రంగులు వేసే పనిలోకి పోయారు. తాత కొన్నాళ్లు బండ్ల నంబరు ప్లేట్లు రాశాడు. అవీ అచ్చు ప్లేట్లయిపోయాయి. ఖైరతాబాద్ వైపు వినాయక మండపాల్లో చందాలిచ్చిన వాళ్ల పేర్లు రాశాడు. అవీ ఫ్లెక్సీల్లోకి ఎక్కాయి, పైగా ఫోటోలతో. చివరికి ఆయన చేతిరాత ఒక్కచోట మిగిలింది. పంజాగుట్ట సందులో జావేద్ టైలర్స్.

అది రేకు బోర్డు కాదు, దించి నీడలో పెట్టుకుని రాయడానికి. షట్టరు పైన ఉన్న గోడే బోర్డు. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు, తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో. తాతకు ఉర్దూ రాయడం రాదు. గుడ్డ కత్తిరించే ముందు గీతలు గీసే సుద్దతో జావేద్ భాయ్ గోడ మీద గీసిచ్చేవాడు. తాత ఆ గీత మీద కుంచె నడిపేవాడు. చూసిన వాళ్లు ముగ్గురు వేర్వేరు పనివాళ్లు రాశారనుకునేంత పొందిగ్గా వచ్చేది.

ఆ గోడది దక్షిణం మొహం. పొద్దున మొదలైన ఎండ సాయంత్రం దాకా వదలదు. ఎరుపుకు ఎండంటే అసలు పడదు. ఏడాది తిరిగేసరికి వెలిసిపోయి, గులాబీకీ ఇటుకకీ మధ్య ఏదో రంగులోకి దిగిపోతుంది. సరిగ్గా రంజాన్ ముందు జావేద్ భాయ్ ఫోన్ చేసేవాడు.

"క్యా కనకయ్యా, బోర్డు ముసల్దైంది. ఎప్పుడొస్తవ్?"

ఇద్దరి మధ్యా అంతే మాట. రంజాన్ కుట్లు మొదలయ్యే ముందు రెండు రోజులు తాత అక్కడ నిచ్చెన వేసేవాడు. ఒక రోజు పాత రంగు గీకి పసుపు కొట్టడం, ఇంకో రోజు ఎరుపు. పైన తాత, కింద మిషను దగ్గర జావేద్, మధ్యలో గాల్లో తగాదా. ఇంటర్వ్యూకు పోయే పిల్లలు ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని వచ్చి, ఇద్దరు ముసలాళ్లు ఎన్నడో మూతబడ్డ సినిమా హాల్లో బాల్కనీ ఏ పక్కన ఉండేదని కొట్లాడుకోవడం విని నవ్వుకుంటూ పోయేవారు. మధ్యాహ్నం జావేద్ భార్య జహీరా ఇంటి నుంచి ఖట్టీ దాల్, గుడ్ల కూర పంపేది. కటింగ్ టేబుల్ మీద గుడ్డలు పక్కకు జరిపి ఇద్దరూ తినేవారు. రంగు చేతులతో తాకొద్దని జావేద్ అరిచేవాడు, తాత కావాలనే సూటు గుడ్డ దగ్గరగా చెయ్యి పెట్టేవాడు.

ఈ ఏడు ఫోన్ రాకముందే తాత ఒంటికి జబ్బు వచ్చింది. ఎండలోకి పోతే చాలు మెడా చెంపలూ ఎర్రగా దద్దుర్లు లేచి, మిరపకాయ రాసినట్టు మండేవి. సుష్మిత ఆయన్ని పంజాగుట్టలో చర్మం డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు రామ్మోహనరావు గారిది బెజవాడ వైపు. తాత మెడను పెద్ద అద్దం పెట్టి చాలాసేపు చూశాడాయన.

"ఏంటి కనకయ్యగారూ, ఇన్నేళ్లూ తలకి కనీసం తువ్వాలైనా చుట్టుకోలేదా?"

"చుట్టుకుంటే చెమట కండ్లల్ల పడ్తది సార్. గీత వంకర పోతది."

"గీత బాగానే ఉంది, మీరే వంకరపోయారు." డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఎండలో మన కంటికి కనపడని కిరణాలుంటాయి. ఒక రకం పైచర్మాన్ని కాలుస్తుంది. ఇంకో రకం ఇంకా లోతుకి దిగి, చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే దారాల్ని తెంపేస్తుంది. మబ్బు పట్టినా వస్తుంది, కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. మీ ముడతలు, మచ్చలు దాని పనే."

"దారాలంటే మా టైలరుకు చూపియ్యాలె సార్."

డాక్టరు నవ్వలేదు. తాత కణత మీద గరుకుగా ఉన్న మచ్చ దగ్గర వేలు పెట్టాడు. "ఇది ఇప్పటికి భయపడాల్సింది కాదు. కానీ ఎండ తగులుతూనే ఉంటే ఎటు తిరుగుతుందో నేను మాటివ్వలేను. నిచ్చెన పని మానేయండి. తప్పనిసరై బయటికి పోతే ఒళ్లంతా కప్పుకోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి."

ఆ సాయంత్రమే జావేద్ భాయ్ ఫోన్ వచ్చింది. ఈసారి ఎప్పటి మాటకు ఇంకో మాట తోడైంది.

"కనకయ్యా, బోర్డు ముసల్దైంది. మా కొడుకు ఫహాద్ ఫ్లెక్స్ అంటుండు. లైట్లు గిట్ల పెట్టి, నా ఫోటో సుత పెడ్తడట. దుకాణం ఇప్పుడు వాని చేతులున్నది, నేనేమంట? నువ్వొస్తె ఆపుత. రాకుంటె చెప్పు."

తాత మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. చర్మం ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎందుకు రాను? వస్త" అన్నాడు.

ఆ సంగతి తెలిసి సుష్మిత ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. అరిచి అరిచి, తాత వినడని తేలాక, మర్నాడు దుకాణం నుంచి ఒక ట్యూబు తెచ్చి ఆయన ముందు పెట్టింది. తాత కళ్లద్దాలు పైకి నెట్టి దాని వెనక చీమల్లాంటి అక్షరాలు చదివాడు. ముందు అక్షరాల మధ్య జాగా సరిపోలేదన్నాడు. తర్వాత ఒక మాట దగ్గర ఆగిపోయాడు.

"జింక్ ఆక్సైడ్... ఏందే, ఇది సఫేదా గద?"

సఫేదా అంటే తెల్లరంగు పొడి. డబ్బా పెయింట్లు ఇంతగా రాకముందు తాత దాన్ని అవిసె నూనెలో కలిపి గోడలకు పూసేవాడు.

"సఫేదానే. గని గోడది కాదు, మొహానిది. మంచిగ శుద్ధి చేసి, మైదపిండి కంటె సన్నగ నూరి క్రీముల కలిపిండ్రు. నీ డబ్బలది తీసి పూసుకునేవు, దవాఖానల పడ్తవ్."

"మొహానికి వెల్ల ఏసుకొని తిరగాల్నా నేను?"

"తాతా, జిందగీ అంత ఎండ మందును కుంచెకు అంటిచ్చి గోడకు పూసినవ్. గోడ సల్లగున్నది, నువ్వు మాడినవ్. గింత తెలివిగల్ల మనిషిని నేనెక్కడ సూడలే."

ఆ పిల్లకు ఈ సంగతులు క్రీము కంపెనీ వాళ్లు ఒక పూట క్లాసు పెట్టి చెప్పారు. కాలేజీలో వెనక బెంచీ మీద నిద్రపోయిన సుష్మిత ఆ క్లాసులో మాత్రం కళ్లు తెరుచుకుని కూర్చుంది. చివర్లో సమోసాలు ఇస్తామన్నారు మరి.

"దీన్ల రెండు జాతులుంటయ్" అని మొదలుపెట్టింది, ట్యూబును బెత్తంలా ఆడిస్తూ. "ఒకటి పొడి జాతి. గీ జింకు, టైటానియం అసొంటివి. తోలు మీద పరుచుకొని కూసుంటయ్. కాల్చే కిరణాన్ని మీదనే మింగుతయ్, కొంత ఇటటు చెదరగొడ్తయ్. లోపటికి రానియ్యవు. రెండోది కనవడని జాతి. తెల్లగ కాదు, పూస్తె మాయమైతది. అది ఎండను తాగి, సన్న వేడి కింద మార్చి బయటికి ఇడుస్తది."

"తాగి తాగి దానికేం కాదా?"

"ఎందుకు కాదు? కొన్ని అట్లనే అలిసిపోతయ్. పొడి జాతి అలిసిపోదు గని చెమటకు జారిపోతది, తువ్వాలకు అంటి పోతది. అందుకే ఎండల ఉంటె రెండు గంటలకోసారి మళ్ల పెట్టాలె. గింత." రెండు వేళ్ల పొడుగునా క్రీము పిండి చూపించింది. "మొహానికి, మెడకు కలిపి గింత."

"గింతనా! పండుగకు దర్వాజకు పసుపు పూసినట్టు?"

"పసుపు పూసిన దర్వాజ నీకంటె మంచిగనే ఉంటది" అంది సుష్మిత.

తాత మాట్లాడకుండా ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే ఏదో సొంత బుర్ర నడుస్తోందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఎవరూ గమనించలేదు.

పని రోజు పొద్దున సుష్మిత డ్యూటీకి పోయాక తాత అద్దం ముందు కూర్చుని రెండు వేళ్ల క్రీము చెంపకు పెట్టి చూశాడు. తెల్లగా, నాటకాల్లో వేషగాడిలా కనిపించాడు. తుడిచేశాడు. చిన్నప్పుడు లక్డీకాపూల్‌లో ఆయనకు కుంచె పట్టడం నేర్పిన గురువు ఒక్కటే మాట నెత్తి మీద మొట్టి మరీ చెప్పేవాడు. డబ్బాలోంచి తీసిన రంగును తీసినట్టే గోడకు పెట్టేవాడు పెయింటర్ కాదు. కలపాలి. పలచటి కోటు గోడను పట్టుకుని నిలుస్తుంది, మందపు కోటు పొట్టు లేచిపోతుంది. ఆ పాఠం తాత చేతుల్లోకి ఇంకిపోయి చాలా కాలమైంది. బుర్రను అడగకుండానే చేతులు పని చేశాయి. రంగులు కలిపే చిన్న గిన్నె కడిగి, అందులో క్రీము పిండి, గులాబ్ జల్ పోసి, పుల్లతో తిప్పాడు. మెత్తటి కుంచె ఒకటి తీసి మొహానికీ మెడకీ సున్నితంగా పూసుకున్నాడు. గీత పడలేదు, మచ్చ కనపడలేదు. అద్దంలో చూసుకుని, ఇదీ పనితనమంటే అనుకున్నాడు. మిగిలింది సీసాలో పోసి సంచిలో పెట్టుకున్నాడు.

పంజాగుట్ట సందులో ఆ రోజు ఎప్పటిలాగే గడిచింది. జావేద్ భాయ్ మిషను, తాత గీకుడు, కింద చాయ్, మూతబడ్డ సినిమా హాలు బాల్కనీ. పాత రంగు రాలి పడింది. పసుపు కోటు ఎండకు గబగబా ఆరింది. జావేద్ పైకెక్కలేక, స్టూలు మీద నిలబడి సుద్దతో ఉర్దూ అక్షరాలు గీసిచ్చాడు. మధ్యాహ్నానికే తాత మెడ చురుక్కుమంది. ఇంకాసేపట్లో చెంపలు. అక్షరాల గీతలు పూర్తయితే చాలు, ఎరుపు రేపు కదా అని పళ్లు బిగపట్టాడు. సీసాలోంచి మళ్లీ పూసుకున్నాడు. చల్లగానే అనిపించింది, గులాబీ వాసన కూడా వచ్చింది. నిచ్చెన దిగి తిరిగేసరికి ఎదురుగా ఫహాద్ ఉన్నాడు.

"చాచా! మొహమేందిది?"

తాత చెంప తాకి చూసుకున్నాడు. వేళ్ల కింద చర్మం ఉబ్బి, నిప్పులా ఉంది. కళ్లు సగం మూసుకుపోయాయి.

ఫహాద్ సుష్మితకు ఫోన్ చేశాడు. ఆ పిల్ల అమీర్‌పేట నుంచి ఆటోలో వచ్చి పడింది. తాతను ఫ్యాను కింద కూర్చోబెట్టి, తడిగుడ్డ వేసి, సంచి వెతికింది. సీసా దొరికింది.

"ఇదేంది?"

"క్రీము జర చిక్కగున్నదని..." తాత నీళ్లు నమిలాడు. "పల్చగ కలిపిన."

"ఎవర్నడిగి కలిపినవ్?"

"కలుపకుంట ఎవడన్న పూస్తడా?"

సుష్మిత సీసాను వెలుగులో పట్టుకుంది. పైన నీళ్లు తేటగా తేలాయి. కింద తెల్లటి ముద్ద పేరుకుని ఉంది.

"సూడు, నీ కండ్లతోనే సూడు. పొడి అడుగుకు దిగింది. నువ్వు పూసుకున్నది అత్తరు నీళ్లు. ఆ పొడి ఒక్కతీరుగ పరుచుకోవాలె, ఎక్కడ సందు ఉండొద్దు. అందుకే వాళ్లు మిషన్ల తిప్పి తిప్పి కలిపి పెట్టిండ్రు. నువ్వు పుల్ల పెట్టి ఇరగ్గొట్టినవ్. ఒక తాన ముద్ద, ఒక తాన ఖాళీ. ఖాళీలకెల్లి ఎండ దిగింది."

తాత ఆ సీసా వైపు చాలాసేపు చూశాడు. గోడ మీద పైకోటు సరిగ్గా కప్పకపోతే అడుగు రంగు అక్కడక్కడా బయటపడుతుంది. అలాంటి పని చేసిన కుర్రాళ్లను ఆయన నిచ్చెన దించి ఇంటికి పంపించేవాడు.

"అడుగు కనవడ్డదన్నట్టు" అన్నాడు మెల్లగా.

"కనవడ్డది. నీ అడుగే."

ఫహాద్ ఇద్దరి మధ్యా నిలబడి తన ఫోను అటూ ఇటూ తిప్పుతున్నాడు. మంచి పిల్లవాడు. భయం వల్ల గొంతు పెరిగింది. "చాచా, నేను మీ పని వద్దంటలే. గని మీకేమన్న అయితె మా అబ్బా మొహం నేనెట్ల సూడాలె? సగం గీతలతోని బోర్డు ఉంటె గిరాకీలు మూసేసిన దుకాణమనుకుంటరు. ఫ్లెక్స్‌కు చెప్పేస్త."

తాత జావేద్ వైపు చూశాడు. జావేద్ మిషను మీద చేతులు పెట్టుకుని, కాలు పెడల్ మీదే ఉంచి, తొక్కకుండా కూర్చున్నాడు. తాతకు మెడ మంట కంటే అదే ఎక్కువ మండింది.

మళ్లీ డాక్టరు, మందులు, తిట్లు. దద్దుర్లు చల్లారే దాకా తాతకు గడప దాటే అనుమతి లేదు. ఒక ఉదయం సుష్మిత ఆయన్ని చూపించడానికి ఆటోలో తీసుకుపోతుంటే, అమీర్‌పేటలో మెట్రో కింద ట్రాఫిక్ ఆగింది. పైన పట్టాల నీడ రోడ్డంతా పరుచుకుని ఉంది. ఈ నీడ అప్పట్లో ఉండుంటే, అనుకున్నాడు తాత. చుట్టూ ఎటు చూసినా మనుషుల మొహాలున్న ఫ్లెక్సీలు. తాత వాటిని చూడటం లేదు. వాటి కింది గోడల్ని చదువుతున్నాడు.

"గా పచ్చది లేదా, దాని కింద 'టైప్, షార్ట్‌హ్యాండ్' అని ఉంటది. నల్లగ, నీలం నీడ తోని. గా సందు మూలకు ఫోటో స్టూడియో, దాని 'స్టూ'ల ఒత్తు రాసేతందుకు జాగ సాలక కిటికీ మీదికెల్లి తిప్పిన. ఓనరు కొట్టనీకె వచ్చిండు. తర్వాత ఆ ఒత్తు సూసే జనం గుర్తుపట్టేది. గా మెట్ల మీద పాలు అమ్మే రుద్రమ్మ ఉండె, నాకు చాయ్ పోసేది. గీ గోడకు ఏమేమి రాసిన్నో అన్ని ఒకదాని మీద ఒకటి ఉన్నయ్, ఉల్లిగడ్డ పొరల లెక్క."

సుష్మిత ఏదో అనబోయింది. నోటి దాకా మంచి మాటే వచ్చింది, వెక్కిరింపుది. కానీ తాత మొహం చూసి మింగేసింది. ఆటో కదిలే దాకా తనూ ఆ పచ్చ ఫ్లెక్సీ వైపే చూసింది.

ఆ సాయంత్రం జావేద్ భాయ్ యూసుఫ్‌గూడ ఇంటికొచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఎక్కడికీ కదలని మనిషి మెట్లు ఎక్కి వచ్చాడు. చంకలో గుడ్డ సంచి.

"లేచి నిలవడు" అన్నాడు తాతతో. టేపు తీయలేదు. తాత కొలతలు టేపు అక్కర్లేకుండా ఆయనకు తెలుసు. సంచిలోంచి ముదురు నీలం రంగు చొక్కా తీశాడు. చేతులు వేళ్ల మొదళ్ల దాకా వచ్చాయి. కాలరు చెవుల దాకా లేచింది. దానికి తోడు ఒక టోపీ, వెనక భుజాల దాకా వేలాడే గుడ్డతో, ముందు చాయ్ పళ్లెం అంత అంచుతో.

"స్కూలు యూనిఫాం గుడ్డ" అన్నాడు జావేద్. "దుకాణంల ఉన్న తాన్లన్ని ఒక్కొక్కటి గుంజి వెలుతురుకు పట్టి సూసిన. మల్లుగుడ్డ, పాప్లిన్, అన్నిట్లకెల్లి దీపం కనవడ్డది. తెల్ల గుడ్డ సల్లగుంటదని మనమంటం గని, పల్చగుంటె ఎండ దాన్ల నుంచే పోతది. గిది ముదురు రంగు, నేత గట్టిగుంది. దీన్లకెల్లి చుక్క వెలుతురు రాలే."

"భాయ్, దీన్ల ఉడికిపోత."

"ఉడుకు. మాడకు."

సుష్మిత తాత చుట్టూ తిరిగి చూసింది. "మస్తున్నవ్ తాత. కొత్త బిల్డింగు కట్టెటోళ్లు సూస్తె దిష్టిబొమ్మ అని ఎత్తుకపోతరు."

"ఫహాద్ ఏమన్నడు?" అని అడిగాడు తాత, టోపీ అంచు కింద నుంచి.

"ఫ్లెక్స్ ఇంక అచ్చుకు పోలే. రంజాన్ నెలవంక కనవడేలోపు బోర్డు అయితె సరే, లేకుంటె లేదు అన్నడు. ఇంకో మాటన్నడు. చాచా మళ్ల మొహం కాల్చుకుంటె నేనే నిచ్చెన ఇరగ్గొడ్త అని."

డాక్టరు దద్దుర్లు తగ్గాయని చూసి, ఆ చొక్కా గుడ్డను కూడా వేళ్లతో నలిపి చూసి, పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు దిగాలన్న షరతు మీద తల ఊపాడు.

మర్నాడు పొద్దున ఫహాద్ పిట్టగోడ నుంచి రెండు బొంగులు కట్టి వాటి మీద టార్పాలిన్ లాగాడు. నీడ గోడలో సగానికే వచ్చింది. సుష్మిత సెలవు పెట్టి వచ్చి, రెండు వేళ్ల క్రీము నీళ్లు కలపకుండా తాత మొహానికీ మెడకీ పట్టించి, అది చర్మాన్ని పట్టుకునే దాకా కదలనివ్వలేదు. సందులో పోయే వాళ్లు ఆగి చూస్తున్నారు. ముదురు నీలం గుడ్డలోంచి తెల్లటి మొహం ఒకటి నిచ్చెనెక్కుతోంది.

"పోరీ, నీలం డబ్బ అందియ్" అన్నాడు తాత పైనుంచి.

కింద మిషను ఆగిపోయింది.

"నీలమెందుకు?" జావేద్ లేచి బయటికి వచ్చాడు. "నా బోర్డు లాల్."

"నీలం ఎండకు ఓర్చుకుంటది భాయ్. ఏండ్లకేండ్లు ఉంటది." తాత గోడ వైపే చూస్తూ చెప్పాడు, ఆ మాట మొహం మీద చెప్పడం చేతకాక. "వచ్చే ఏడు డాక్టరు ఎక్కనిస్తడో లేదో. ఎరుపు పెట్టిపోతె నువ్వు వెలిసిన దాని కింద కూసోవాలె. నీలమైతె నేను రాకున్నా నిలుస్తది. నన్ను పిలిచే పని ఉండదు."

జావేద్ కాసేపు తల పైకెత్తి చూశాడు. మెడ నొప్పి పుట్టి ఉంటుంది, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"నీలం నిలుస్తదని నాకు తెల్వదా?"

"ఏంది?"

"దుకాణం తెరిచిన్నాడే చెప్పినవ్ నువ్వు. 'లాల్ పోతది భాయ్, నీలం ఏయిచ్చుకో' అని. అరే, నేను బట్టలోణ్ణి యార్. అద్దాల కాడ పెట్టిన ఎర్ర తాను ఎన్నిరోజులకు పోతదో నాకెరుక లేదా?"

తాత ఇటు తిరిగాడు. నిచ్చెన కిర్రుమంది. "మరి ప్రతిసారి లాల్, లాల్ అని ఎందుకు గుంజినవ్? రంగుల సంగతి తెల్వని మొండోడని ఇన్నేండ్లు తిట్టుకున్న నిన్ను."

"మొండోణ్ణే. నీలం ఏస్తె నువ్వు మళ్ల ఎందుకొస్తవ్?"

"రోజు గిదే తొవ్వల పోత గద. చాయ్‌కు వస్త."

"చాయ్‌కొచ్చినోడు గ్లాసు పెట్టి పోతడు. బోర్డుకొచ్చినోడు రెండు రోజులుంటడు" అన్నాడు జావేద్. "లాల్ పోతె పోనియ్. ఏటేటా పోనియ్. నాకు పోయే రంగే కావాలె."

సందులో ఒక స్కూటర్ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఫహాద్ టార్పాలిన్ తాడు బిగించే నెపంతో అటు తిరిగాడు. తాత నిచ్చెన మీద, ఆ దిష్టిబొమ్మ టోపీలో, చేతిలో మూత తీసిన నీలం డబ్బాతో నిలబడిపోయాడు. ఇన్ని రంజాన్లు, ఇన్ని గుడ్ల కూరలు, ప్రతిసారీ కింద కూర్చుని తనతో తిట్టించుకున్న ఈ దర్జీ. నాకు రంగులు తెలుసు, వాడికి తెలియవు అని తను ఎంత ధీమాగా అనుకున్నాడు.

డబ్బా మూత బొటనవేలితో నొక్కి మూసేశాడు.

"వచ్చే ఏడు నా కాలు లేవకపోతె?"

"నిచ్చెన కింద కుర్చేస్త. కిందికెల్లి లొల్లి పెట్టు, ఫహాద్ ఎక్కుతడు. వానికి గీత రాదు, మస్తు తిట్టొచ్చు."

"నేనా?" అన్నాడు ఫహాద్.

తాత నీలం డబ్బాను కిందికి వంగి సుష్మితకు అందించాడు. టోపీ అంచు సర్దుకుంటూ చెవి తడుముకుని, వేళ్ల వైపు చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి.

"పోరీ, లాల్ డబ్బ తియ్యి. ఆగు, ముందుగాల ట్యూబ్ ఇటియ్యి. చెవులకు పెట్టుడు మర్చినవ్ నువ్వు."